పాత అనలాగ్ ఇంజిన్, కొత్త డిజిటల్ ఇంజిన్: ఒకే లేఅవుట్‌లో రెండూ నడవాలంటే

హైదరాబాద్‌లో మోడల్ రైళ్ల సరదా ఉన్న ఇళ్లలో తరచుగా కనిపించే పరిస్థితి ఇది. అటక మీద ఒక పాత సెట్ ఉంటుంది. ఎప్పుడో లండన్ నుంచో దుబాయ్ నుంచో మేనమామ తెచ్చినది. తిప్పే నాబ్ ఉన్న కంట్రోలర్, ఒకటి రెండు ఇంజిన్లు, నాలుగు పెట్టెలు. ఉద్యోగం వచ్చాక సొంత డబ్బుతో కొన్నది ఇంకొకటి ఉంటుంది. అది హారన్ కొడుతుంది, హెడ్‌లైట్ వేస్తుంది, ఫోన్‌తో నడుస్తుంది. మొదటిది అనలాగ్, రెండోది డిజిటల్. రెండింటినీ ఒకే పట్టాల మీద నడపొచ్చా?

నడపొచ్చని కొందరంటారు, కాలిపోతుందని కొందరంటారు. రెండు మాటలూ నిజమే, కాకపోతే వేర్వేరు సందర్భాల గురించి చెప్పినవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజిన్ రెండు రకాల కరెంటుకూ సర్దుకోగలదు. పట్టాలు మాత్రం ఒక సమయంలో ఒకే రకం కరెంటు మోయాలి. ఈ నియమం ఎందుకో అర్థం కావాలంటే పట్టాల్లో అసలు ఏం పారుతుందో చూడాలి.

పట్టాల్లో ఏం పారుతుంది

అనలాగ్ పద్ధతిలో పట్టాలే మోటారుకు వైర్లు. కంట్రోలర్ 0 నుంచి 12 వోల్టుల వరకు డీసీ ఇస్తుంది. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. కుడి పట్టాకు ప్లస్ ఇస్తే ఇంజిన్ ముందుకు, మైనస్ ఇస్తే వెనక్కి వెళ్తుంది. ఇంతకంటే తేలికైన పద్ధతి ఇంకోటి లేదు. అందుకే ఇన్ని దశాబ్దాలు నిలబడింది, సరిగా చూసుకున్న పాత ఇంజిన్ ఈరోజుకీ తిరుగుతుంది.

ఇందులో ఒక విశేషం ఉంది. అనలాగ్‌లో దిశ పట్టాలది, ఇంజిన్‌ది కాదు. ఇంజిన్‌ను ఎత్తి, తిప్పి, ముఖం అటువైపు ఉండేలా పెట్టినా అది ఇంతకుముందు ఏ వైపు వెళ్లిందో ఆ వైపే వెళ్తుంది. పట్టాల మీద రెండు ఇంజిన్లు ఉంటే రెండూ కలిసే కదులుతాయి. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడపాలంటే పట్టాలను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్ పెట్టుకోవాలి.

డిజిటల్ పద్ధతిలో పట్టాల మీద వోల్టేజీ ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది. హెచ్‌ఓ స్కేల్‌లో (అంటే నిజం బండిలో 87వ వంతు సైజు) సుమారు 14 నుంచి 16 వోల్టులు. బండి ఆగి ఉన్నా అంతే, పరుగెడుతున్నా అంతే. పైగా అది ఒకవైపే పారే డీసీ కాదు, సెకనుకు వేలసార్లు ప్లస్, మైనస్ తారుమారవుతూ ఉంటుంది. ఆ మార్పుల వ్యవధిలోనే సందేశం ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1. కనీసం 100 మైక్రోసెకన్లు ఉంటే అది 0. ఈ ఒకట్లు, సున్నాలు కలిసి ఒక ప్యాకెట్ అవుతాయి. ముందు వరుసగా కొన్ని ఒకట్లు, తర్వాత ఇంజిన్ నంబరు, తర్వాత ఆజ్ఞ, చివర తప్పులు పట్టే సంఖ్య. ఇలాంటి ప్యాకెట్లు సెకనుకు వందకు పైగానే వెళ్తుంటాయి. క్లాసులో టీచరు రోల్ నంబరు పిలిచినట్టు కమాండ్ స్టేషన్ (డిజిటల్‌లో కంట్రోలర్ స్థానంలో ఉండే పెట్టె) ఒక నంబరు పిలుస్తుంది. పిలుపు అన్ని ఇంజిన్లకూ వినిపిస్తుంది, ఆ నంబరున్నదే పలుకుతుంది.

వినేది ఇంజిన్ లోపలి డీకోడర్. అది పట్టాల నుంచి వచ్చే కరెంటును డీసీగా మార్చుకుని, ఆజ్ఞ ప్రకారం మోటారుకు ఎంత కావాలో అంతే వదులుతుంది. ఇక్కడ దిశ ఇంజిన్‌ది. ఏ క్యాబ్‌ను, అంటే ఏ డ్రైవరు గదిని, ముందు అని నిర్ణయించారో బండి ఆ వైపే ముందుకు వెళ్తుంది. లాలాగూడ షెడ్‌లో ఉండే డబ్ల్యూఏపీ-7 లాంటి రెండు క్యాబ్‌ల ఇంజిన్ మోడల్ కొన్నప్పుడు ఏది మొదటి క్యాబో చూసుకోవాల్సి వచ్చేది ఇందుకే.

ఈ డిజిటల్ పద్ధతికి డీసీసీ అని పేరు. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ రూపొందించిన పద్ధతి ఆధారంగా, 1990ల తొలి సగంలో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీన్ని ప్రమాణంగా చేసింది. డిజిటల్ అన్నదల్లా డీసీసీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. హార్న్‌బీ 1979లో తెచ్చిన జీరో వన్ డిజిటలే, కానీ దాని భాష వేరు. మార్క్లిన్ వారి పాత మూడు పట్టాల ఇంజిన్లు అసలు ఏసీ మీద నడిచేవి, వాటి దిశ మారాలంటే 24 వోల్టుల చిన్న దెబ్బ ఇవ్వాలి. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ఇంజిన్ ఏ కుటుంబానికి చెందిందో తేల్చుకోకుండా పట్టాల మీద పెట్టకండి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా రెండు పట్టాల డీసీ, డీసీసీల గురించే.

డిజిటల్ ఇంజిన్, అనలాగ్ పట్టాలు

ఇది సాధారణంగా పనిచేస్తుంది. ఈమధ్య వచ్చే డీకోడర్లలో చాలావరకు పట్టాల మీద సందేశాలు లేవని, మామూలు డీసీ ఉందని గమనిస్తే అనలాగ్ పద్ధతికి మారిపోతాయి. అయితే కొన్ని తేడాలు కనిపిస్తాయి, వాటిని చూసి ఇంజిన్ పాడైందని కంగారు పడనక్కర్లేదు.

మొదటిది, బండి ఆలస్యంగా కదులుతుంది. డీకోడర్ మేలుకోవడానికే సుమారు 5, 6 వోల్టులు కావాలి. అందుకని నాబ్ సగం దాకా తిప్పేవరకు చలనం ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా బయల్దేరినట్టు అనిపిస్తుంది. సౌండ్ ఉన్న ఇంజిన్‌లో ముందు ఇంజిన్ స్టార్ట్ అయిన శబ్దం వచ్చి, ఆ తర్వాతే చక్రాలు తిరుగుతాయి. పై వేగం కూడా కాస్త తగ్గుతుంది, ఎందుకంటే డీకోడర్ లోపలే కొంత వోల్టేజీ ఖర్చవుతుంది. డీకోడర్ లేని ఇంజిన్‌నూ, ఉన్నదాన్నీ జతచేసి ఒకే రైలును లాగించాలనుకుంటే ఈ తేడా వల్లే ఒకటి లాగుతుంటే ఇంకోటి ఈడ్చుకుపోతుంది. ఆ జత వద్దు.

రెండో సంగతి కంట్రోలర్. డీకోడర్‌కు నికరమైన, నున్నని డీసీ కావాలి. కొన్ని ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు నెమ్మదిగా నడిపేటప్పుడు పట్టు బాగుండాలని కరెంటును ముక్కలు ముక్కలుగా, పల్స్‌లుగా వదులుతాయి. పాత ఇంజిన్లకు అది మేలే. డీకోడర్ మాత్రం ఆ పల్స్‌లను చూసి అయోమయంలో పడుతుంది. బండి కుదుపులతో నడవడం నుంచి డీకోడర్ పాడవడం దాకా ఏదైనా జరగొచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ కంట్రోలర్లతో ఇంకో చిక్కు ఉంది. మీద 12 వోల్టులని రాసి ఉన్నా, లోడ్ లేకుండా మల్టీమీటర్‌తో కొలిస్తే అంతకంటే బాగా ఎక్కువే చూపిస్తాయి. డీకోడర్ తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ దాని కాగితంలో రాసి ఉంటుంది, రెండూ పోల్చి చూసుకోవాలి.

అమెరికా నుంచి వచ్చిన కంట్రోలర్ అయితే ఆ కొలతకంటే ముందు చూడాల్సింది వెనకాల ఉన్న స్టిక్కర్. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనకు 230. స్టిక్కర్ మీద 100-240 అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. 120 మాత్రమే అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా గోడకు పెట్టకూడదు.

డిజిటల్ ఇంజిన్‌కు అనలాగ్‌లో నడిచే అనుమతి ఇచ్చేది సీవీ 29 అనే సెట్టింగ్. సీవీ అంటే డీకోడర్‌లో మనం మార్చుకోగలిగే విలువ. సీవీ 29లో ఒక్కో అంశానికి ఒక్కో సంఖ్య ఉంటుంది. 28 లేదా 128 వేగ మెట్లకు 2, అనలాగ్ అనుమతికి 4, పెద్ద నంబరు వాడుకకు 32. కావలసినవి కలిపి వచ్చిన మొత్తం రాస్తాం. సాధారణంగా కొత్త డీకోడర్‌లో ఉండేది 6, అంటే 2 ప్లస్ 4. అనలాగ్ అనుమతి తీసేస్తే 2 మిగులుతుంది.

తీసేయడం ఎందుకంటారా? డిజిటల్ లేఅవుట్‌లోనే నడిచే ఇంజిన్‌కు ఆ అనుమతి ఉంచితే, ఎక్కడైనా షార్ట్ అయి కరెంటు పోయి వచ్చిన క్షణంలో డీకోడర్‌కు సందేశం అందక, పట్టాల మీదున్నది డీసీ అనుకుని పూర్తి వేగంతో దూసుకెళ్లే ప్రమాదం ఉంది. బల్ల అంచు పక్కనే వంపు ఉన్నవాళ్లు ఈ సంగతి తప్పకుండా పట్టించుకోవాలి. ఎప్పుడూ అనలాగ్ మీద పెట్టని ఇంజిన్‌కు 2, రెండు చోట్లా తిరిగేదానికి 6. నేను ఇలాగే సిఫార్సు చేస్తాను.

అనలాగ్ ఇంజిన్, డిజిటల్ పట్టాలు

అసలు గొడవంతా ఇక్కడే. డీకోడర్ లేని మోటారుకు ఆ 15 వోల్టులు నేరుగా తగులుతాయి. ప్లస్, మైనస్ అంత వేగంగా మారుతుంటే మోటారు ఏ వైపూ తిరగలేదు. సన్నగా గుయ్‌మంటూ కూర్చుంటుంది, లోపలి చుట్టలు మాత్రం వేడెక్కుతూనే ఉంటాయి. కదులుతున్నప్పటికంటే ఆగి ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ. చుట్టల మధ్య ఇనుము లేని కోర్‌లెస్ మోటారు అయితే ఆ వేడికి చాలా త్వరగా కాలిపోతుంది. మే నెలలో మన గదుల ఉష్ణోగ్రతే 35 దాటి ఉంటుంది కాబట్టి ఆ మోటారుకు చల్లబడే అవకాశం ఇంకా తక్కువ.

అయినా డీకోడర్ లేని ఇంజిన్‌ను డీసీసీ మీద నడిపే ఉపాయం ప్రమాణంలోనే ఉంది. సున్నా బిట్‌లో ఒక సగాన్ని సాగదీయడమే ఆ ఉపాయం. 100 మైక్రోసెకన్లకు పైన ఎంత ఉన్నా, 9,900 వరకు డీకోడర్లు దాన్ని సున్నాగానే చదువుతాయి. ప్లస్ సగాన్ని సాగదీస్తే సగటున ప్లస్ ఎక్కువవుతుంది, మోటారు ఒకవైపు తిరుగుతుంది. మైనస్ సగాన్ని సాగదీస్తే రెండోవైపు. కమాండ్ స్టేషన్‌లో 0 నంబరు ఇంజిన్‌ను ఎంచుకుంటే ఇదే జరుగుతుంది. కొన్ని లెంజ్, డిజిట్రాక్స్ వ్యవస్థల్లో ఈ సౌకర్యం ఉంది, చాలా ఇతర వ్యవస్థల్లో లేదు.

ఆలోచనగా చూస్తే ఇది చాలా అందమైనది. ఒకే తరంగంలో డిజిటల్ ఇంజిన్లకు మాటలు, అనలాగ్ ఇంజిన్‌కు తోపు. ఇది కనిపెట్టినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇంట్లో వాడమని మాత్రం చెప్పలేను. మోటారు తిరుగుతున్నా ఆ ఏసీ దానికి తగులుతూనే ఉంటుంది, ఆపితే వేడి ఇంకా పెరుగుతుంది, శబ్దం చికాకు పెడుతుంది. మేనమామ తెచ్చిన ఇంజిన్ మోటారు ఈరోజు కాలిపోతే దానికి సరిపోయే మోటారు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లెవరూ ఆ సాహసం చేయరు.

స్విచ్ దగ్గర కలపాలి, పట్టాల మీద కాదు

నిజం రైల్వేలో కూడా పద్ధతి ఇదే. ముంబై చుట్టూ 1,500 వోల్టుల డీసీ, మిగతా దేశంలో 25,000 వోల్టుల ఏసీ ఉన్న రోజుల్లో డబ్ల్యూసీఏఎమ్ తరగతి ఇంజిన్లు రెండింటి కిందా నడిచేవి. ఇంజిన్‌కు రెండూ వచ్చు. తీగలో మాత్రం ఏ చోటైనా ఏ క్షణమైనా ఒకటే. మన సికింద్రాబాద్, కాజీపేట లైన్లలో అంతా 25,000 వోల్టుల ఏసీయే అయినా, ఒక సబ్‌స్టేషన్ ఫేజ్‌కూ పక్క సబ్‌స్టేషన్ ఫేజ్‌కూ మధ్య న్యూట్రల్ సెక్షన్ ఉంటుంది. అక్కడ లోకో పైలట్ సర్క్యూట్ బ్రేకర్ తెరిచి, కరెంటు లేకుండా ఆ ముక్కను వేగం మీదే దాటుతాడు.

మన బల్ల మీద దీన్ని రెండు విధాలుగా చేయొచ్చు. లేఅవుట్ మొత్తానికి ఒకే స్విచ్ పెట్టడం మొదటిది. డబుల్ పోల్ డబుల్ త్రో స్విచ్, మధ్యలో ఆఫ్ ఉన్నది తీసుకోవాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ పార్టులు అమ్మే దుకాణాల్లో అడిగి చూడండి. ఆరు కాళ్లుంటాయి. మధ్య రెండింటికి పట్టాల వైర్లు, ఒక చివరి రెండింటికి అనలాగ్ కంట్రోలర్, ఇంకో చివరి రెండింటికి డీసీసీ. లివర్ ఏ వైపు ఉన్నా రెండు మూలాలూ ఒకదానికొకటి తగిలే వీల్లేదు. కమాండ్ స్టేషన్ ఇచ్చే గరిష్ఠ ఆంపియర్లకు తగ్గ రేటింగ్ ఉండాలి. 3 ఆంపియర్ల వ్యవస్థకు 5 లేదా 6 ఆంపియర్ల స్విచ్ ఉంటే నిశ్చింత.

బయటి లూప్ అనలాగ్‌కు, లోపలి లూప్ డీసీసీకి కేటాయించడం రెండోది. ఒకేసారి రెండు రకాలూ తిరుగుతాయి కాబట్టి పిల్లలకు ఇది ఎక్కువ నచ్చుతుంది. కానీ రెండు లూపులను కలుపుతూ ఒక క్రాసోవర్ వేశారంటే జాగ్రత్త పెరగాలి. అక్కడ పట్టాల మధ్య ప్లాస్టిక్ జాయినర్లు పెడితే చాలదు. ఇంజిన్ ముందు చక్రాలు డీసీసీ మీద, వెనక చక్రాలు అనలాగ్ మీద ఉన్న క్షణంలో ఇంజిన్ లోపలి వైర్ల ద్వారా రెండు మూలాలూ కలిసిపోతాయి. కంట్రోలర్ పోవచ్చు, పట్టాలకు డీసీసీ కరెంటు ఇచ్చే బూస్టర్ పోవచ్చు, డీకోడర్ పోవచ్చు. అందుకే మధ్యలో రెండు పట్టాలూ విడదీసిన ఒక ముక్క ఉండాలి, దానికి మళ్లీ మధ్యలో ఆఫ్ ఉన్న అదే రకం స్విచ్ ఉండాలి. ఆ ముక్క మీ అతి పొడవైన ఇంజిన్ కంటే పొడవుండాలి. లైట్లున్న పెట్టెలు కూడా చక్రాల ద్వారా కరెంటు తీసుకుంటాయి కాబట్టి, అలాంటివి ఉంటే మొత్తం రైలు పట్టేంత ఉండాలి. అంత చోటు లేకపోతే క్రాసోవర్ మానేసి, ఇంజిన్‌ను చేత్తో ఎత్తి మార్చుకోవడమే మేలు.

ఏ పద్ధతైనా, డీసీసీ వైపు స్విచ్ వేసే ముందు అనలాగ్ ఇంజిన్లు పట్టాల మీద ఉండకూడదు. ప్రతిసారీ ఎత్తి పెట్టెలో పెట్టడం విసుగు. వాటికోసం ఒక సైడింగ్ (బండి నిలిపే పక్క లైను) కేటాయించి, దానిలో ఒక పట్టాను విడదీసి, మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ పెడితే ఇంజిన్ అక్కడే నిశ్చింతగా నిలబడుతుంది. అనలాగ్ కాలం నాటి ఈ చిట్కా డిజిటల్ లేఅవుట్‌లోనూ అంతే బాగా పనికొస్తుంది.

పాత లేఅవుట్ పట్టాలకు డీసీసీ ఇచ్చే ముందు ఇంకొన్ని చూసుకోవాలి. కరెంటు అందించే పాత ట్రాక్ ముక్కల్లో కొన్నిటి లోపల రేడియో, టీవీలకు అంతరాయం రాకుండా పెట్టిన కెపాసిటర్ ఉంటుంది. అది డీసీసీ సందేశాన్ని చెడగొడుతుంది, తీసేయాలి. వైర్లు సన్నగా ఉంటే మార్చాలి. బల్ల కింద పొడవునా వెళ్లే ప్రధాన వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది వేసి, దాన్నుంచి మీటరుకొకటి చొప్పున చిన్న వైర్లు పట్టాలకు సోల్డరింగ్ చేస్తే బాగుంటుంది. తర్వాత రూపాయి బిళ్ళ పరీక్ష చేయండి. డీసీసీ ఆన్‌లో పెట్టి, లేఅవుట్‌లో ఒక్కో చోట రెండు పట్టాల మీదుగా రూపాయి బిళ్ళ ఆనించాలి. ప్రతిచోటా బూస్టర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడ ట్రిప్ కాలేదో అక్కడ వైరింగ్ బలహీనంగా ఉన్నట్టు. నిజంగా షార్ట్ అయిన రోజు అక్కడ ఆ ఆంపియర్లన్నీ పారుతూనే ఉండి ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. అనలాగ్ కంట్రోలర్ ఇచ్చే కరెంటు తక్కువ కాబట్టి ఈ భయం అంతగా ఉండేది కాదు.

ఖర్చు గురించి ఒక మాట. విదేశీ కమాండ్ స్టేషన్ ధరకు కస్టమ్స్, కొరియర్ కలిస్తే చాలామంది వెనకడుగు వేస్తారు. డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఆర్డునో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద గుచ్చే మోటారు షీల్డ్ కలిపి కమాండ్ స్టేషన్ ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఇది ఒక వారాంతం పని. ఎల్298 చిప్ ఉన్న షీల్డ్ లోపలే సుమారు 2 వోల్టులు పోతాయి, దానికి తగ్గట్టు అడాప్టర్ ఎంచుకోవాలి. షీల్డ్‌కు ఇచ్చే ఆ వోల్టేజీ ఆర్డునో బోర్డులోకి వెళ్లకుండా షీల్డ్ అడుగున ఉన్న విన్ కనెక్ట్ జంపర్‌ను ముందే కోయాలి, ఆర్డునోకు విడిగా పవర్ ఇవ్వాలి.

ఏ ఇంజిన్‌కు డీకోడర్ పెట్టాలి

అన్నిటికీ పెట్టక్కర్లేదు. తరచూ నడిపేది, లోపల చోటున్నది, మోటారు ఆరోగ్యంగా ఉన్నది మాత్రమే మార్చండి. లోపల 8 పిన్ల సాకెట్ ఉంటే పని నిమిషాల్లో అయిపోతుంది. ఉన్న డమ్మీ ప్లగ్ తీసి డీకోడర్ గుచ్చడమే. సాకెట్ లేని పాత ఇంజిన్‌కు అసలు సమస్య మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లు. చాలా పాత ఇంజిన్లలో ఒక బ్రష్ లోహపు ఛాసిస్‌కే తగిలి ఉంటుంది, ఆ ఛాసిస్ ఒక పట్టాకు తగిలి ఉంటుంది. అలాగే డీకోడర్ పెడితే అది మొదటి క్షణంలోనే పోతుంది. రెండు బ్రష్‌లకూ పట్టాలతో ఏ సంబంధమూ లేకుండా విడదీసి, మల్టీమీటర్‌తో నిర్ధారించుకున్నాకే ముందుకెళ్లాలి. ఆ తర్వాత ఎరుపు వైరు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు వైర్లు మోటారుకు. తెలుపు ముందు లైటుకు, పసుపు వెనక లైటుకు, నీలం రెండు లైట్లకూ ఉమ్మడి ప్లస్.

డీకోడర్ కొనకముందే ఇంకో పరీక్ష ఉంది. అనలాగ్‌లో 12 వోల్టులు ఇచ్చి, చక్రాలు తిరగకుండా ఒక్క క్షణం పట్టుకుని ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడాలి. అది డీకోడర్ సామర్థ్యాన్ని దాటకూడదు. హెచ్‌ఓ డీకోడర్లు ఎక్కువగా 1 ఆంపియర్ చుట్టూ ఉంటాయి. ముసలి మోటార్లు దీనికంటే ఎక్కువ లాగితే ఆ ఇంజిన్‌ను అనలాగ్‌లోనే ఉంచడం దానికి మనం చేసే మేలు.

బిగించాక నేరుగా ప్రధాన పట్టాల మీద పెట్టకుండా ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలు చదవడానికి, మార్చడానికి విడిగా ఉంచే పట్టా ముక్క) మీద పెట్టి, తయారీదారు నంబరు ఉండే సీవీ 8 చదవండి. అక్కడ కరెంటు చాలా పరిమితంగా వస్తుంది కాబట్టి వైర్లు తప్పుగా కలిపి ఉన్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. తయారీదారు నంబరు కనిపించిందంటే డీకోడర్ మాట్లాడుతున్నట్టే. కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3 ఉంటుంది, దాన్ని మార్చాలి. మన ఇంజిన్ల నంబర్లకు ఐదంకెలుంటాయి, డీసీసీ వ్యవస్థలు ఎక్కువగా 9999 దాకానే తీసుకుంటాయి. అందుకని చివరి నాలుగంకెలు వాడితే గుర్తుంటుంది. 30201 నంబరు డబ్ల్యూఏపీ-7 అయితే 0201, అంటే 201. 127 దాటింది కాబట్టి ఇది పెద్ద నంబరు కింద లెక్క, సీవీ 29లో 32 కలపాలి. ఆ ఇంజిన్ అనలాగ్ లూప్ మీద కూడా తిరగాలంటే అక్కడ ఉండాల్సిన విలువ 38, డిజిటల్ మీదే తిరిగితే చాలనుకుంటే 34.